కన్ను గీటిందనుకున్నాడు

వీధిలో అందరూ అతన్ని కత్తెర మాస్టారనేవారు. బడి మాస్టారు కాదు, పదో తరగతి గడప కూడా తొక్కినవాడు కాదు. పద్నాలుగో ఏట మేనమామ సెలూన్లో నేల మీద రాలిన జుట్టు ఊడవడంతో మొదలుపెట్టి, ముప్ఫయ్యో ఏడు వచ్చేసరికి బస్టాండు వెనక వీధిలో సొంతంగా రెండు కుర్చీల సెలూన్ పెట్టుకున్నాడు. చెయ్యి నిదానం, మాట తక్కువ. వేరేచోట కుర్చీలో కాళ్ళు తన్నుకుని గోల చేసే పసిపిల్లలు అతని దగ్గర కిక్కురుమనకుండా కూర్చునేవారు. అందులో మంత్రమేమీ లేదు. కత్తెర తీసే ముందు పిల్లవాడి నడినెత్తిన అరచెయ్యి ఆనించి, ఒక నిమిషం ఊరికే ఉంచేవాడు. ఆ చెయ్యి ఏమీ చెయ్యదని నమ్మకం కుదిరాక పని మొదలుపెట్టేవాడు.

"ఎంత పెద్ద ఆఫీసరైనా నా ముందు తల వంచాల్సిందే," అనేవాడు ఎప్పుడైనా. అతను వేసే జోకు అదొక్కటే. ఇరవై ఏళ్ళుగా అదే. పాత ఖాతాదారులు దానికి మర్యాదకి నవ్వేవారు.

పెళ్ళయిన ఏడేళ్ళకి ఒక్కగానొక్క కూతురు పుట్టింది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని పిచ్చుక అన్నారు. పెరిగాక కూడా ఆ పేరు పోలేదు. తల్లి బ్రెడ్డు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. అందుకని బడి వదిలాక పిచ్చుక నేరుగా సెలూన్‌కొచ్చి, బెంచీ మీద ఓ మూల ఒదిగి కూర్చుని హోంవర్కు చేసుకునేది. కుర్చీలో కూర్చున్నవాళ్ళు కోతలు కోస్తారు కదా. ఎవరైనా తాను ఒంటి చేత్తో దొంగను పట్టుకున్నాననీ, ఫలానా మంత్రి తన మాట లేకుండా మంచినీళ్ళు కూడా ముట్టడనీ చెబుతూ ఉంటే, మాస్టారు "అవునా" అంటూ అద్దంలోంచి కూతురికి కన్ను గీటేవాడు. తిరిగి కన్ను గీటడం మొదట్లో ఆ పిల్లకి చేతనయ్యేది కాదు, రెండు కళ్ళూ మూసేసేది. నెల్లాళ్ళు అద్దం ముందు నిలబడి ఒక్క కన్ను మూయడం నేర్చుకుంది.

పిల్ల వీపు వంకర మొదట కనిపెట్టింది అతనే. పిచ్చుకకి ఎనిమిదేళ్ళు. మెడ మీదకి దిగిన జుట్టు అడ్డంగా సమానంగా కత్తిరించాడు. లేచి నిలబడితే ఓ పక్క పొడుగు, ఓ పక్క పొట్టి. కత్తెర తప్పిందేమిటని మళ్ళీ కూర్చోబెట్టి సరిచేశాడు. లేచి నిలబడితే మళ్ళీ వంకరే. మూడోసారి దువ్వెన పక్కన పెట్టి భుజాల మీద చేతులు వేసి చూశాడు. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్ళ ఎత్తున ఉంది. తేడా జుట్టులో లేదు.

ఆ తరవాత మూడేళ్ళు ఆస్పత్రుల చుట్టూ తిరిగారు. ప్లాస్టిక్ బెల్టు బిగించారు. రెండేళ్ళు రాత్రీ పగలూ అది వేసుకుని పడుకుంది, బడికెళ్ళింది, ఎండాకాలం ఉడికిపోయింది. వెన్నెముక మాత్రం తన దారిన తాను వంగుతూ పోయింది. పదకొండో ఏడు వచ్చేసరికి గౌను వెనక కుడి పక్క ఎముకలు పొడుచుకొచ్చాయి. రెండంతస్తులు ఎక్కితే పిల్ల మెట్ల మీదే కూలబడి, "ఆగు నాన్నా, ఊపిరి వెనకే ఉండిపోయింది," అనేది.

పిల్లల ఎముకల ఆస్పత్రిలో పెద్ద డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించింది. వెన్నెముక తాడు మెలిపడ్డట్టు ఉంది.

"ఒకేసారి ఆపరేషన్ చేసి నిటారుగా లాగితే వెన్నుపాము దెబ్బతింటుంది. కాళ్ళు పడిపోవచ్చు," అంది. "అందుకని ముందు మెల్లగా సాగదీస్తాం. తలకి రింగు బిగించి, తాడు కట్టి, గిలక మీదుగా బరువు వేలాడదీస్తాం. రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతాం. ఆరు వారాలు. ఆ తరవాత ఆపరేషన్."

"నొప్పి పుడుతుందా అమ్మా?" అన్నాడు.

"మొదటి రెండు మూడు రోజులు ఉంటుంది. తరవాత అలవాటు పడతారు. పిల్లలు మనకంటే గట్టివాళ్ళు." డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అలా లాగుతున్నప్పుడు నరాలు కూడా సాగుతాయి. కొందరికి చేతుల్లో తిమ్మిరి, కొందరికి కంటి నరమో నాలుక నరమో దెబ్బతినడం జరుగుతుంది. అందుకే ప్రతి పూటా పరీక్ష చేస్తాం. ముందే పసిగడితే బరువు తగ్గిస్తాం. చాలామందికి సర్దుకుంటుంది."

"చాలామందికి," అన్నాడు అతను.

"అందరికీ అనలేను."

భార్య వైపు చూశాడు. ఆమె ఎక్స్‌రే వైపే చూస్తోంది. "ఏం చెయ్యకపోతే?" అని అడిగిందామె. ఊపిరితిత్తులకి చోటు చాలదనీ, మరో నాలుగైదేళ్ళలో ఆక్సిజన్ పెట్టాల్సి వస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. అతను సంతకం పెట్టాడు.

రింగు బిగించే రోజు తల వెనక జుట్టు కొంత తీసెయ్యాలన్నారు. అటెండరు మెషిన్ పట్టుకుని వచ్చాడు. "అది ఇలా ఇవ్వు బాబూ, నా పనే," అని మాస్టారు తీసుకున్నాడు.

"ఎంత తీస్తావు నాన్నా?"

"కొంచెమే."

"నీ కొంచెం నాకు తెలీదూ? అందరికీ అదే చెప్తావు."

మత్తు దిగి వార్డులోకి తెచ్చాక చూస్తే నుదుటి చుట్టూ లోహపు రింగు. ఎనిమిది స్క్రూలు చర్మంలోంచి పుర్రెలోకి దిగి ఉన్నాయి. ముందు నాలుగు, వెనక నాలుగు. ఆ తల పుట్టిన నాటి నుంచీ అతని చేతుల్లో పెరిగింది. ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో కళ్ళు మూసుకుని చెప్పగలడు. అలవాటుగా అరచెయ్యి చాపాడు. ఆనించడానికి చోటు కనపడలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని మంచం పట్టీ మీద పెట్టాడు.

వార్డులో ఎనిమిది మంచాలు. మంచానికీ చక్రాల కుర్చీకీ నడిచే చట్రానికీ అన్నిటికీ పైన ఇనుప కమ్మీ, దానికో గిలక, గిలక మీంచి తాడు, తాడు చివర ఇనుప బిళ్ళలు. రెండు కిలోలతో మొదలుపెట్టారు. వారానికల్లా అయిదు. పిచ్చుక బరువే ఇరవై మూడు. మూడో రోజు నుంచీ నొప్పి తగ్గింది. నాలుగో రోజు చట్రం తోసుకుంటూ వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. "నాన్నా, నేను బావిలో బొక్కెన," అని నవ్వించింది.

తల్లి ఫ్యాక్టరీలో సెలవు పెట్టి మంచం పక్కనే ఉండిపోయింది. అతను మధ్యాహ్నం బేరం పల్చబడగానే షట్టరు సగం దించి ఆస్పత్రికొచ్చి, నాలుగింటికి మళ్ళీ వెళ్ళేవాడు. పూటకోసారి సిస్టరు వచ్చి పరీక్ష చేసేది. నా వేళ్ళు గట్టిగా పట్టుకో. కాలి వేళ్ళు ఆడించు. నాలుక చాపు. తల కదపకుండా పెన్ను వైపు చూడు. తిమ్మిరిగా ఉందా? మసకగా ఉందా? పిచ్చుకకి అదంతా ఎక్కాల్లా నోటికొచ్చేసింది. సిస్టరు అడక్కముందే నాలుక బయటపెట్టేది.

ప్రతి సోమవారం ఎత్తు కొలిచేవారు. మూడో వారానికి ఆరు సెంటీమీటర్లు పెరిగింది. డాక్టరమ్మ కొత్త ఎక్స్‌రే చూసి, "శెభాష్," అంది. మాస్టారు సెలూన్లో కూర్చున్న ప్రతివాడికీ ఆ మాటే చెప్పాడు. మాట తక్కువ మనిషి కదా, అందరూ వింతగా విన్నారు.

పక్క మంచంలో ఇంకో పిల్ల ఉండేది, పిచ్చుకకంటే ఏడాది పెద్దది. ఆ వారమే ఆ పిల్ల ఎడమ చేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని చెప్పింది. వెంటనే బరువు సగం తీసేశారు. ఎత్తు మూడు సెంటీమీటర్లు వెనక్కి పోయింది. ఆపరేషన్ మరో మూడు వారాలు వాయిదా. ఆ పిల్ల దుప్పటి మొహం మీదకి లాక్కుని సాయంత్రం దాకా ఏడ్చింది. పిచ్చుక అది చూసింది.

నాలుగో వారం బరువు పది కిలోలకి చేరింది. ఆ బుధవారం మధ్యాహ్నం మాస్టారు వార్డు తలుపు తీసేసరికి పిచ్చుక అటు చివర కుర్చీలో కూర్చుని ఉంది. తండ్రిని చూడగానే కుడి కన్ను మూసింది. అతను నవ్వి తన కన్నూ మూశాడు. దగ్గరికెళ్ళాక, "ఎవరిమీద? సిస్టరు మీదా?" అన్నాడు మెల్లగా. పిల్ల, "ఊ," అంది.

మర్నాడు కూడా అంతే. తలుపు దగ్గర అతను కనపడగానే కుడి కన్ను మూసింది. మళ్ళీ నవ్వాడు. పిల్ల సరదాగా ఉంటే అంతకంటే ఏం కావాలనుకున్నాడు. అరటిపండు ఒలిచి పెట్టాడు. అది తీసుకోబోయి ఆమె చెయ్యి కాస్త పక్కకి పోయింది. గాలిని పట్టుకుని, తరవాత పండు పట్టుకుంది. అదీ చూశాడు. తల కదలదు కదా, కిందికి చూడలేక అనుకున్నాడు.

శుక్రవారం సిస్టరు సెలవు. ఆమె బదులు వచ్చిన పెద్దావిడ పరీక్ష చేసేటప్పుడు పెన్ను మొహానికి దగ్గరగా పెట్టకుండా చెయ్యి బారుగా చాచి కుడి పక్కకి బాగా దూరం తీసుకెళ్ళింది. ఎడమ కన్ను పెన్నుతో పాటు వెళ్ళింది. కుడి కన్ను సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"అమ్మడూ, పెన్నులు ఎన్ని?"

పిచ్చుక పెదవి కొరుక్కుంది. "ఒకటి."

"నిజం చెప్పాలి."

"రెండు," అంది పిల్ల. "కానీ ఒకటి ఉత్తుత్తిది. ఏదో నాకు తెలుసు."

మాస్టారు వచ్చేసరికి కమ్మీకి నాలుగు బిళ్ళలే వేలాడుతున్నాయి. భార్య గోడకి ఆనుకుని నిలబడి ఉంది. డాక్టరమ్మ మంచం దగ్గర వంగి టార్చి వేసి చూస్తోంది. ఏం జరిగిందో చెప్పింది. కంటిగుడ్డును బయటి పక్కకి తిప్పే నరం ఒకటుందట. పుర్రె లోపల అది చాలా దూరం నడిచి కంటికి చేరుతుందట. లాగుడు ఎక్కువైతే మొదట అలిగేది అదేనట.

"ఎప్పటి నుంచి రెండుగా కనిపిస్తోందమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"మంగళవారం నుంచి," అంది పిచ్చుక.

"రోజూ అడుగుతున్నారు కదా. ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే తీసేస్తారు కదా. ఆ అక్కకి తీసేశారు." "ఒక కన్ను మూస్తే బాగానే కనిపిస్తోంది. మూసుకుని చూస్తే సరిపోయేది."

మాస్టారు పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. "డాక్టరమ్మా, రెండు రోజుల కిందట నా ముందే కన్ను మూసింది. నాకు కన్ను గీటుతోందనుకున్నాను. నవ్వాను. నేనూ గీటాను."

డాక్టరమ్మ టార్చి జేబులో పెట్టుకుంది. "ఆ రోజే తెలిసి బరువు తీసేసి ఉంటే త్వరగా తిరిగొచ్చేదేమో. రాకపోయేదేమో కూడా. నేను చెప్పలేను," అంది. ఆమె 'మీ తప్పేం లేదు' అని ఉంటే అతను నమ్మేవాడు కాదు. 'మీదే తప్పు' అని ఉంటే కనీసం పట్టుకోవడానికి ఒక మాట దొరికేది. ఆమె రెండూ అనలేదు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు.

"చూడాలి. నరం తనంతట తాను కోలుకోవాలి. మందు లేదు."

"నేను చెయ్యాల్సిందేమైనా ఉందా?"

"కన్ను మార్చి కన్ను కట్టు కట్టండి. ఈ పూట ఒకటి, రేపు ఒకటి."

ఆ పనొక్కటే దక్కింది అతనికి. మధ్యాహ్నం రాగానే సబ్బుతో చేతులు కడుక్కుని, గాజుగుడ్డ మడిచి కంటి మీద పెట్టి, స్క్రూలకి తగలకుండా టేపు అంటించేవాడు. టేపు తీసేటప్పుడు చర్మం లేవకుండా తడిపి తీసేవాడు. దానికి అయిదు నిమిషాలు పట్టేది. మిగతా రెండున్నర గంటలూ ఆ కంటి వైపు చూస్తూ కూర్చునేవాడు. వెంట్రుకవాసంత కదిలిందా అని పెన్ను పెట్టి చూసేవాడు. రోజుకు పదిసార్లు చూస్తే పిల్లకి విసుగొచ్చింది.

"నాన్నా, నువ్వు చూస్తే అది రాదు."

"సరే, చూడను."

"కోపమొచ్చిందా నా మీద?"

"నీ మీదెందుకు?"

"అమ్మ మీద?"

"ఎవరి మీదా లేదమ్మా." అది నిజమే. కోపం ఎవరి మీదైనా ఉంటే బాగుండుననిపించేది. సిస్టరు మీద పెట్టుకుందామని చూశాడు. ఆమె రోజూ అడిగింది, పిల్లే చెప్పలేదు. పిల్ల మీద పెట్టుకుందామంటే, రెండేళ్ళు బెల్టులో ఉడికిన పిల్ల, ఇంకో ఆరు సెంటీమీటర్ల కోసం దాచుకుంది. ఎవరిమీదా నిలవలేదు.

సెలూన్లో ఆ వారమే ఒక ముసలాయన చెవి అంచు కత్తెరకి తగిలింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి. ఆవగింజంత నెత్తురు. "పర్లేదులే మాస్టారూ," అన్నాడాయన. మాస్టారు పటిక రాసి, కత్తెర డ్రాయర్లో పెట్టి, సాయంత్రం దాకా గడ్డాలూ గీయలేదు, జుట్టూ కత్తిరించలేదు. వచ్చినవాళ్ళని రేపు రమ్మన్నాడు. కుర్చీలో తనే కూర్చుని అద్దంలోకి చూశాడు. కుడి కన్ను మూశాడు. తెరిచాడు. కావాలని మూసిన కన్నుకీ, తప్పక మూసుకున్న కన్నుకీ తేడా మొహంలో ఎక్కడో ఉండి తీరాలి. ఎక్కడుందో ఎంతసేపు చూసినా పోల్చుకోలేకపోయాడు.

రెండు వారాలు గడిచాయి. కన్ను కదల్లేదు. ఎత్తు రెండు సెంటీమీటర్లు వెనక్కి పోయింది. డాక్టరమ్మ ఇద్దర్నీ గదిలోకి పిలిచింది.

"ఇంతటితో ఆపి ఇంటికి పంపిస్తే ఇన్నాళ్ళ శ్రమ పోతుంది, వీపు మళ్ళీ వంగుతుంది. తక్కువ బరువుతోనే ఇంకో రెండు వారాలు ఉంచి ఆపరేషన్ చేద్దామంటాను. పూర్తిగా నిటారు కాదు. ఊపిరికి చోటొస్తుంది."

"కన్ను?"

"తక్కువ బరువుతో కొత్తగా పాడయ్యే అవకాశం తక్కువ. లేదని మాత్రం అనను."

కాగితం ముందుకి జరిపింది. మాస్టారు పెన్ను తీసుకున్నాడు. చెయ్యి ముందుకి పోలేదు. మొదటి సంతకం కళ్ళ ముందు ఆడుతోంది. భార్య అతని చేతిలోంచి పెన్ను తీసుకుంది.

"ఈసారి నేను పెడతానండీ," అంది. "అన్నీ మీరే మొయ్యాలా?"

పెట్టింది. బ్రెడ్డు ప్యాకెట్ల మీద సీలు వేసే చెయ్యి, గట్టిగా నొక్కి రాసింది. గదిలోంచి బయటికొచ్చాక వరండాలో గోడకి ఆనుకుని అతను ఆమె భుజం మీద మొహం పెట్టుకున్నాడు. జనం అటూ ఇటూ పోతున్నారు. ఆమె కదలకుండా నిలబడింది.

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. వెన్నెముకకి రెండు వైపులా కమ్మీలు వేసి బిగించారు. మెలకువ రాగానే డాక్టరమ్మ కాళ్ళ వేళ్ళు ఆడించమంది. పది వేళ్ళూ ఆడాయి. అవి చూసి తల్లి నేల మీద కూలబడి ఏడ్చింది. రింగు తీసేశారు. నుదుటి మీద నాలుగు ఎర్రటి మచ్చలు మిగిలాయి. నెల తిరిగేసరికి పిచ్చుక రెండంతస్తులు ఆగకుండా ఎక్కింది. వీపు మునుపటి కంటే చాలా నయం, అయినా గీత గీసినట్టు లేదు. గౌను ఇప్పుడు ఒంటి మీద తిన్నగా కూర్చుంటుంది.

కన్ను కూడా కొంత తిరిగొచ్చింది. నాలుగో నెలలో మొదటిసారి పెన్ను వెంట కాస్త ముందుకెళ్ళింది. ఆ రోజు మాస్టారు బడి దాకా నడిచి వెళ్ళి, గేటు దగ్గర కాపు కాసి, ఇంటికొచ్చే దారంతా పిల్ల చేత వేలు వెంట చూపు తిప్పించాడు. ఆరో నెలకి ఇంకొంచెం. తరవాత ఆగిపోయింది. ఎదురుగా చూస్తే ఒకటే కనిపిస్తుంది. కుడి పక్కకి చూస్తే, ముఖ్యంగా దూరానిది, ఇప్పటికీ రెండే. అందుకని పిచ్చుక మొహం కాస్త కుడి వైపు తిప్పి ఉంచుకోవడం అలవాటు చేసుకుంది. ఫోటో తీసే ఆయన, "ఇటు చూడమ్మా," అంటే, "ఇటే చూస్తున్నానండీ," అంటుంది. బడిలో ఎవడో పక్కచూపుల పిల్ల అన్నాడట. వాడి చెవి మెలేసి వచ్చింది. తల్లి తిట్టింది.

ఎనిమిదో నెలలో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. కుర్రాడు, నవ్వు మొహం. గాజు బిళ్ళలు మార్చి మార్చి పెట్టి చూశాడు.

"ఏడాది నిండేదాకా చూద్దాం. మిగతాది రాకపోతే కంటి కండరానికి చిన్న ఆపరేషన్ చేస్తే సర్దుకుంటుంది," అన్నాడు.

"చిన్నదంటే?" అంది పిచ్చుక.

"గంట. సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవచ్చు."

"ఏమైనా అవుతుందా?"

డాక్టరు తండ్రి వైపు చూశాడు. తండ్రి గోడ మీది అక్షరాల అట్ట వైపు చూస్తున్నాడు.

"అందరికీ అవదు," అన్నాడు డాక్టరు.

పిచ్చుక కుర్చీలోంచి దిగి, చెప్పులు వేసుకుంది. "నేను చెప్పేదాకా ఎవరూ సంతకం పెట్టకండి," అంది, తండ్రినీ డాక్టర్నీ కలిపి. తలుపు తీసుకుని ముందుగా బయటికెళ్ళిపోయింది.

మెట్లు దిగుతుంటే మాస్టారికి ఏదో చెప్పాలనిపించింది. చేయించుకో అనడానికి నోరు రాలేదు. వద్దనడానికీ రాలేదు. గేటు దాటి రోడ్డు మీదకొచ్చారు. బస్టాపులో జనం ఎక్కువగా ఉన్నారు. దూరంగా కుడి పక్క నుంచి బస్సు వస్తోంది. పిచ్చుక మొహం అటు తిప్పి, కళ్ళు చికిలించి చూసింది.

"ఏ నంబరు నాన్నా?"

చెప్పాడు. అది వాళ్ళది కాదు. పిల్ల సరేనని బెంచీ మీద జరిగి కూర్చుని, అతనికి పక్కన చోటిచ్చింది. అతను కూర్చుని, వచ్చే ప్రతి బస్సు నంబరూ ఆమె అడక్కముందే చదివి చెబుతూ పోయాడు.